ఋతుపూర్వ బాధలు, దేహపరిశ్రమ

(మహాసభ రెండవనాడు గావించిన యుపన్యాసపాఠము)



ఈ మహాసభయందు మాటలాడవలసినదిగా ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినపుడు విషయమును మా యిష్టమునకే విడిచిపెట్టిరి. మేము విషయము పేరు వ్రాసి పంపగా, కార్యదర్శిగారు రెండుదినములు మౌనము వహించి, పిమ్మట మిక్కిలి మర్యాదతో, “అమ్మా, దీనిని స్త్రీలు మాత్రమే యుండు వేళకు మార్చుదుమా?” యని యడిగిరి. పురుషులును వినవలెనని మేము ప్రార్థించితిమి. వారు పెద్దమనసుతో నంగీకరించిరి. వెనుక వరుసలలోని సోదరులు ఇంకను లేచిపోక కూర్చుండినందులకు వారికి వందనములు. మేము చెప్పబోవునది వారి తల్లులను, భార్యలను, కుమార్తెలను గూర్చినది. కడపట మేమడుగబోవునది వారి చేతిలోనిది.

మేము వైద్యులము కాము. బాలికల పాఠశాలలలో ముప్పదియొక్క సంవత్సరములు వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసి విరమించిన వారము. వైద్యులు వ్రాసినవానిని మాకు చేతనైనంతవఱకు చదివితిమి. అర్థముకాని చోట్ల మన కుటుంబములలోని లేడీ డాక్టర్లనడిగి తెలిసికొంటిమి. మిగిలినది ఆటస్థలమున నిలుచుండి చూచినది.

నెలసరి వచ్చుటకు ముందు కొన్ని దినములలో పెక్కుమంది స్త్రీలకు కొన్ని బాధలు కలుగును. ఒడలు బరువెక్కును. కడుపుబ్బరించును. రొమ్ములు సలుపును. తలనొప్పి, నడుమునొప్పి వచ్చును. నిద్ర పట్టదు, లేక ఎంత నిద్రించినను తీరదు. తీపి వస్తువులపై మనసు పోవును. అన్నిటికన్న నెక్కువగా ఇంటిలోనివారికి కనబడునది చిరాకు. పిల్లవాడు గ్లాసు పడవేసినను కన్నీరు వచ్చును. మామగారు కాఫీ రెండవసారి యడిగినను కోపము వచ్చును. నెలసరి మొదలైన కొలది దినములకే ఇవన్నియు సద్దుమణగును. తరువాత కొన్ని దినములు ఆమె యథాప్రకారముగా నుండును. మరల నెల తిరుగగనే అదే వరుస. ఋతుకాలమున కలుగు కడుపునొప్పి వేఱు, ఇది వేఱు. నెలయంతయు నొకే తీరున నుండు దిగులు కూడ ఇది కాదు. వచ్చి, పోయి, మరల వచ్చుటయే దీని గుఱుతు.

దీనికి కారణమును కొంచెము చెప్పవలెను. ఒక ఋతుస్రావము మొదలైన నాటినుండి తరువాతిది మొదలగు వఱకు 28 దినములని వాడుక గాని, 24 మొదలు 38 దినముల వఱకు నుండుట సహజమే. ఈ నడుమ నొకనాడు అండాశయమునుండి అండము విడివడును. విడివడిన తావున ప్రొజెస్టిరోనను హార్మోను పుట్టి గర్భాశయమును సిద్ధపఱచును. గర్భము నిలువనిచో రమారమి రెండు వారములకు అదియు, దానితోడిదగు ఈస్ట్రొజెనును తగ్గిపోవును, అంతట స్రావమగును. మనము చెప్పుకొన్న బాధలు ఈ రెండు వారములలోనివి, ముఖ్యముగా వాని చివరి దినములలోనివి.

అట్లయిన ఎవరికి ఈ రసము లెక్కువో వారికే బాధ యెక్కువ యని తలచుట సహజము. వైద్యులును చాలకాల మట్లే తలచిరి. 1931లో న్యూయార్కు నగరమున రాబర్టు ఫ్రాంకను స్త్రీవ్యాధి వైద్యుడు 15 మంది వృత్తాంతములు ప్రకటించి, ఈ బాధకు ఋతుపూర్వోద్వేగమను నర్థము వచ్చు పేరు పెట్టెను. 1953లో లండనునందు కాథరినా డాల్టనమ్మయు, రేమండు గ్రీనును బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసి, ఉద్వేగమొక్కటే కాదు, దేహబాధలును కలవని చూపి, ఋతుపూర్వ లక్షణసముదాయమను పేరును వాడుకలోనికి దెచ్చిరి. (ఈ గ్రీను 1933లో ఎవరెస్టు శిఖరయాత్రకు వైద్యుడుగా పోయిన పర్వతారోహకుడు. కొండలెక్కిన మగవాడు ఈ విషయమును వ్రాయుటకు సిగ్గుపడలేదని మా కార్యదర్శిగారికి మనవి.) తరువాత 1998లో అమెరికా జాతీయ మానసికారోగ్య సంస్థలోని పీటరు ష్మిట్టు మొదలగువారు చక్కని పరీక్ష చేసిరి. బాధపడు స్త్రీలకు మందుతో అండాశయపు పని నాపగా పెక్కుమందికి బాధ తగ్గెను. ఆ హార్మోనులనే సాధారణ పరిమాణమున తిరిగి యియ్యగా బాధ మరల వచ్చెను. ఎన్నడును బాధయెఱుగని స్త్రీలకు సరిగా నట్లే చేసినను వారికేమియు కాలేదు. అనగా రసములలో దోషము లేదు. మామూలు హెచ్చుతగ్గులనే కొందఱి మెదడు వేఱుగా గ్రహించుచున్నది. ఒకరికి వెన్నెల హాయి, ఒకరికి జలుబు అన్నట్లు. కావున “మాకెన్నడైన నిట్లుండెనా? ఈ కాలపు పిల్లలకే ఈ సుకుమారము” అని అత్తగా రనుట తప్పు, “నాలో నేదో లోపమున్నది” యని కోడలు కుములుటయు తప్పే.

ఇంక దేహపరిశ్రమ సంగతి. కదలుట మేలా, కదలకుండుట మేలాయను వాదము పాతది. 1873లో అమెరికాలోని బోస్టను నగరమున ఎడ్వర్డు క్లార్కను ప్రసిద్ధ వైద్యు డొక గ్రంథము వ్రాసెను. ఋతుకాలమున బాలికలు చదువుచే మెదడును శ్రమపెట్టినచో గర్భధారణాంగములు చెడునని, కావున బాలురతో సమానముగా వారికి చదువు చెప్పరాదని ఆయన మతము. ఆ పుస్తకము విరివిగా అమ్ముడుపోయెను. ఆ మరుసటి సంవత్సరము, 1874లోనే, మన ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికల పాఠశాల తెఱచిరి. బోస్టను వైద్యుని మాట గోదావరియొడ్డునకు చేరినదో లేదో కాని, ఇక్కడను పిల్ల పెద్దమనిషి యైనంతనే బడి మాన్పించుట కాయన గ్రంథ మవసరము లేకపోయెను.

క్లార్కునకు ప్రత్యుత్తర మిచ్చినది మేరీ పట్నం జాకోబీ యనునామె. పారిస్ వైద్యకళాశాలలో ప్రవేశము సంపాదించి 1871లో పట్టము పొందిన వైద్యురాలు. స్త్రీలకు ఋతుకాలమున దేహమునకును మనసునకును విశ్రాంతి కావలెనా, ఎంత కావలెనను ప్రశ్నను హార్వర్డు విశ్వవిద్యాలయమువారు 1876 సంవత్సరపు బాయిల్‌స్టను బహుమానమునకు విషయముగా నిచ్చిరి. వ్యాసముపై వ్రాసినవారి పేరుండరాదని నియమము. జాకోబీ వేయి ప్రశ్నపత్రములు పంపెను. 268 మంది స్త్రీలు తమ విద్యను, శ్రమను, బాధను గూర్చి బదులు వ్రాసిరి. అదియుగాక కొందఱి నాడిని యంత్రముతో గుఱించి, కండబలమును కొలిచి చూచెను. పోషణము సరిగా నున్న స్త్రీకి ఆ దినములలో విశ్రాంతి తప్పదని చెప్పుటకు ఋతుధర్మమున నాధారము లేదని ఆమె తేల్చెను. బహుమాన మామెకే వచ్చెను. తమ విద్యార్థులలో స్త్రీలను చేర్చుకొనని వైద్యకళాశాల స్త్రీకి బహుమాన మియ్యవలసివచ్చినది! 1914లో కొలంబియా విశ్వవిద్యాలయమున లీటా హాలింగ్‌వర్తు కొందఱు స్త్రీల చేతివడిని, జ్ఞాపకమును నెలల తరబడి కొలిచి, ఋతుదినములలో తగ్గుదల యేమియు కనబడలేదని ప్రకటించెను.

జాకోబీ మాటలో ‘పోషణము సరిగా నున్న’ యను భాగమును మీరు మఱవకుందురుగాక. దానికి మరల వత్తుము.

ఈ గ్రంథము లేవియు తెలియని కాలమున మేము చేసిన యొక తప్పును సభవారికి విన్నవించుకొందుము. మా మొదటి యుద్యోగము ఒక చిన్న పట్టణపు బాలికోన్నత పాఠశాలలో. డ్రిల్లు వేళకు నలుగురైదుగురు బాలికలు వచ్చి, “టీచరుగారూ, ఈ దినము మాకు వీలుపడదండీ” యనువారు. కారణ మడుగుట మర్యాద కాదు. వారిని వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టి ఒక పుస్తకమున పేర్లు వ్రాసికొనెడివారము. అది దయ యనుకొంటిమి. ఆ పిల్లలలో ఖోఖో ఆటయందు మిక్కిలి చురుకైనది యొకతె యుండెను. నెలకొకమాఱు ఆమె ఎవరితోనో జగడమాడును. జట్టు నాయకురాలిని నెట్టివేయును. మందలించినచో ఏడ్చి ఇంటికి పోవును. మూడవసారి యట్లు జరిగినపుడు ‘పొగరు’ అని పేరుపెట్టి జట్టునుండి తొలగించితిమి. రెండుమాసములకు ఆమె తల్లి వచ్చి, “అమ్మా, మీరు ఆట మాన్పించిననాటినుండి దీనితో వేగలేకున్నాము. పరుగెత్తి వచ్చిన దినములలో నన్నము తిని పండుకొనెడిది. ఇపుడు నెలసరికి ముందు వారమంతయు ఇల్లు రణరంగమే” యని చెప్పెను.

మేమా మాటను వెంటనే నమ్మితిమని చెప్పుకొనుటకు లేదు. కాని యింటికి పోయి వేపచెట్టు పుస్తకమును, శిక్షల పుస్తకమును ప్రక్కప్రక్కన బెట్టి చూచితిమి. చెట్టుక్రింద కూర్చుండిన తేదీకి నాలుగైదు దినముల ముందే పెక్కు జగడములు! ఇది శాస్త్రము కాదు. ఒక పాఠశాలలోని రెండు మాసిన పుస్తకములు. అయినను పదియేండ్లుగా మేము చూచుచుండినది తప్పుదినము లని మాకు తెలిసినది. ఎవరును పట్టించుకొనని దినములలో ఆ పిల్లలకు బాధ. వారికంత యవసరములేని దినములలో మా దయ. ఆ బాలికను మరల జట్టులో చేర్చుకొంటిమి. క్షమాపణ మాత్రము చెప్పలేదు. ఆ కాలమున ఉపాధ్యాయులు పిల్లలకు క్షమాపణ చెప్పు వాడుక లేదు.

మన యిండ్లలోను ఇదే పొరపాటు. ముట్టు మూడు దినములు కడగా కూర్చుండుట స్త్రీకి విశ్రాంతి కొఱకే పూర్వులు పెట్టిరని సభలలో పెద్దలు చెప్పుచుందురు. ఆ వాదములోనికి మేమిప్పుడు పోము. పోయినను, ఆ విశ్రాంతి చేరునది బాధ తీరుచున్న వేళకు. దానికి ముందు వారమున నామెకు రెట్టింపు పని. ‘మూడు దినములు పొయ్యి దగ్గఱకు పోరాదు గదా’ యని పిండి ఆడించుట, పొడులు కొట్టుట, బట్టలుతుకుట, పూజగది శుభ్రపఱచుట — అన్నియు ముందే ముగింపవలెను. కడగా నుండు ఆచారము పోయిన యిండ్లలోను ఈ ముందుపని యలవాటు పోలేదు. వ్రతమో పెండ్లియో వచ్చినచో నెలసరిని వెనుకకు నెట్టు మాత్రలను వైద్యు నడుగకయే అంగడిలో కొని మ్రింగుటయు కలదు. ఆ మాత్రలును ప్రొజెస్టిరోను వంటివే. కొందఱికి ఉబ్బరమును, దిగులును కలిగించును.

వ్యాయామమువలన ఈ బాధ తగ్గునా యను ప్రశ్నకు వైద్యులు చెప్పినంతమాత్రమే చెప్పుదుము, ఎక్కువ చెప్పము. 2020లో బ్రిటను పరిశోధకులు కొందఱు అంతవఱకు జరిగిన 15 పరీక్షలను కూర్చి చూచిరి. వానిలో పాల్గొన్న స్త్రీలు మొత్తము 717 మంది. నడక, పరుగు, ఈత, యోగాసనములు — పరీక్షకొక విధముగా చేయించిరి. మొత్తముమీద పరిశ్రమ చేసినవారి బాధ చేయనివారి బాధకన్న చెప్పుకోదగినంత తగ్గెను. కాని ఆ పరీక్షలలో పెక్కు చిన్నవి, కొన్ని శ్రద్ధగా జరుపబడనివి. కావున ఎంత తగ్గునో నిశ్చయముగా చెప్పజాలమని వారే వ్రాసిరి. మాత్రయైనచో ఉత్తుత్తి మాత్ర నిచ్చి పోల్చవచ్చును; ఉత్తుత్తి పరుగు పరుగెత్తించుట ఎట్లు? ఈ చిక్కు తీరునది కాదు. అయినను 2016లో బ్రిటను రాజ్య ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల కళాశాలవారు ఈ బాధకు మొదట చెప్పవలసిన యుపాయములలో వ్యాయామమును చేర్చిరి. ఏల? ఖర్చు తక్కువ, కీడు తక్కువ, ఇది తీరకున్నను గుండెకు, ఎముకలకు, నిద్రకు మేలు. ఎట్లు పనిచేయునో యింకను తేలలేదు. పరిశ్రమవలన మెదడులో పుట్టు పదార్థములు నొప్పిని, దిగులును తగ్గించునని కొందఱు. గాఢనిద్ర పట్టుటయే కారణమని కొందఱు.

ఒక్క విషయము మాత్రము గమనింపవలెను. పరీక్షలలో పరిశ్రమ చేయించినది బాధగల దినములలో మాత్రమే కాదు. వారమునకు మూడుసార్లో, అంతకెక్కువయో, రెండు మూడు నెలలపాటు నెల పొడుగునను. జ్వరము వచ్చినపుడు కషాయము త్రాగినట్లు, చిరాకు వచ్చిననాడు లేచి పరుగెత్తినచో ఫల మంతగా నుండదు. పంటకాలువకు నీరు ముందుగా విడువవలెను.

ఇచట సోదరులలో నొకరు తప్పక యడుగు ప్రశ్న యున్నది: “మా యింటి ఆడవారు తెల్లవాఱి లేచినది మొదలు పండుకొను వఱకు పనిచేయుచునే యుందురు. అది వ్యాయామము కాదా?” ఈ ప్రశ్న మంచిది. మా తల్లిగారి కాలమున రోలు, రోకలి, తిరుగలి, బావిగిలక, నీళ్లబిందె ఉండెను. నేడు పట్టణములలో వాని స్థానమున మిక్సీ, గ్రైండరు, కుళాయి వచ్చినవి. వచ్చుట మేలే, తిరుగలి కావలెనని మేమనము. కాని మిగిలిన పనిని చూడుడు. పొయ్యి ముందు నిలుచుండుట, సింకు ముందు నిలుచుండుట, వంగి తుడుచుట, నడుమనడుమ ఎవరో పిలువగా పోవుట. కాళ్లు వాచును, నడుము పట్టును. శ్వాస మాత్రము వేగిరపడదు, గుండె యొక్కసారియైన గట్టిగా కొట్టుకొనదు. అలసట వేఱు, పరిశ్రమ వేఱు. పొలములలో నాట్లు వేయు కూలితల్లులకు దేహపరిశ్రమకు కొదువ లేదు; వారి కీ బాధ లేదని మాత్రము ఎవరు చెప్పగలరు? వారి నెవరును అడుగలేదు. మా యూహలో, పరిశ్రమవలన మనసునకు కలుగు మేలులో సగము అది తన యిష్టమున, తన వేళలో, ఇల్లు విడిచి, తోటివారితో గలసి చేయుటయందున్నది. ఇంటిపనిలో ఆ నాలుగును లేవు. కావున “ఇంటిపని చాలదా” యనువారు, తమ సాయంకాలపు నడకను మాని ఒక మాసము అంట్లు తోమి చూచి, మరల మాతో వాదింపవచ్చును.

ఎంత చేయవలెను? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో పెద్దవారికందఱికి చెప్పినది వారమునకు 150 నిమిషములు మొదలు 300 నిమిషముల వఱకు మధ్యరకపు పరిశ్రమ. అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు. మాటలాడుటకు వీలై, పాట పాడుటకు వీలుకానంత వేగముగా నడచుట మధ్యరకము. దీనికి జిమ్ములో చేరనక్కఱలేదు. ప్రత్యేకమైన దుస్తులు కొననక్కఱలేదు. చీర కుచ్చెళ్లు కొంచెము పైకి దోపుకొని కాలికి పట్టిన చెప్పులు వేసికొన్న చాలును. ఒంటరిగా పోవుటకు జంకు వారు ఇరుగుపొరుగుల ముగ్గురు నలుగురు కలియుట మేలు. కబుర్లవలన వేగము తగ్గునని కొందఱందురు. కబుర్లు లేనిచో నడకయే నిలిచిపోవునని మా యనుభవము.

దీనితోపాటు ఒక లెక్క వ్రాసికొనవలెను. పాలలెక్క వ్రాయు కాలెండరు చాలును. దినదినము రాత్రి ఒడలెట్లున్నది, మనసెట్లున్నది, నిద్ర ఎట్లు పట్టినది, నడచితినా లేదా యని నాలుగు గుఱుతులు. వరుసగా రెండు నెలసరులవఱకు వ్రాసినగాని ఇది ఋతుపూర్వ బాధయో, థైరాయిడు దోషమో, నెలయంతయు నుండు దిగులో వైద్యులు చెప్పలేరు. జ్ఞాపకమునుబట్టి చెప్పినది తప్పిపోవునని వారు అనుభవమున తెలిసికొనిరి. చదువుకొన్న పిల్లలు సెల్‌ఫోనులో వ్రాసికొనుచున్నారు, అదియు మంచిదే. ఈ లెక్కవలన మఱియొక మేలు కలదు. 1998లో అమెరికాలో 466 మంది స్త్రీలకు మూడు నెలసరులపాటు పరీక్ష జరిగెను. దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియము, అనగా సున్నము, పుచ్చుకొన్నవారి బాధ రమారమి సగము తగ్గెను; ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారి బాధయు నూటికి 30 పాళ్లు తగ్గెను! తన బాధను ఒకరు విని వ్రాసికొనుచున్నారన్నంతనే కొంత యుపశమనము కలిగినదేమో యని మాకు తోచును. సున్నము మాట వచ్చినది గనుక చెప్పుదుము: నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నమున్నది. రాగిజావను పేదల యాహారమని వదలినవారము మనమే.

ఇపుడు జాకోబీ చెప్పిన పోషణము మాట. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు దేశమున నూటికి 57 మంది, ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6. అందఱును తిన్న పిమ్మట మిగిలినది తినుట గొప్పతనమని ఆడపిల్లకు నేర్పి, ఆపై ఆమెను పరుగెత్తుమనుట అన్యాయము. నాలుగు మెట్లెక్కిన ఆయాసము, కనుఱెప్పల లోపల తెలుపు గలవారు ముందు రక్తపరీక్ష చేయించుకొని ఇనుపధాతువు గల మందు పుచ్చుకొనవలెను. పరిశ్రమ మెల్లమెల్లగా పెంచుకొనవలెను. కడుపు మాడ్చుకొని సన్నబడుటకై పరుగెత్తు పిల్లలకు నెలసరియే నిలిచిపోవుటయు కలదు. అది ఆరోగ్యము కాదు.

మఱియు కొందఱికి ఈ బాధ మిక్కిలి తీవ్రము. వారు నూటికి కొద్దిమంది. ప్రాణముమీద విరక్తి కలుగును, పనిపాటలు నిలిచిపోవును. 2013లో అమెరికా మానసికవైద్యులు దీనిని ప్రత్యేకవ్యాధిగా తమ గ్రంథమున నెక్కించిరి. దీనికి మంచి మందులున్నవి. సెరొటోనినను మెదడు రసముపై పనిచేయునవి నిజముగా గుణమిచ్చుచున్నవని పరీక్షలలో తేలినది. అట్టివారికి “నడువుము, సరిపోవును” అని చెప్పుట కాలు విరిగినవానికి కట్టు కట్టక నడువుమనుట వంటిది. మేమీ యుపన్యాస మిచ్చుటలో మాకున్న భయమే యిది: రేపు మన యిండ్లలో, “నీవు వ్యాయామము చేయకనే ఈ చిరాకు” అని స్త్రీని నిందించుటకు మా మాటలు ఇంకొక కఱ్ఱ కాగూడదు. కోపమునకు నిజమైన కారణ మున్నపుడు, “ఆ దినములు వచ్చినవి కాబోలు” అని నవ్వి త్రోసివేయుటయు కూడదు. ఒక్కొక్కపుడు ఆమె కోపము న్యాయమైనదే.

బిడియము విడిచి ఈ విషయమును మాటలాడువారు నేడు కొందఱు కలరు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో మన దేశపు మీరాబాయి చాను 49 కిలోల తరగతిలో మొత్తము 199 కిలోలెత్తి నాల్గవస్థానమున నిలిచి, పతకము తప్పినందులకు విచారించుచు, అది తన ఋతుకాలపు మూడవదినమని బహిరంగముగా చెప్పెను. సాకు చెప్పినదని యనుకొన్నవారును ఉందురు. బరువెత్తుటయు, బాధ యుండుటయు ఒక్క దేహమందే జరుగునని ఆమె చెప్పినట్లు మాకు వినబడెను. మన శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీనందు 240 కిలోలెత్తి కాంస్యపతకము తెచ్చినపుడు ఇట్టి మాట యడుగుటకు పత్రికలవారికిని తోచలేదు.

కోడి రామమూర్తినాయుడుగారి దేహబలమును మన తాతలు పొగడిరి. తాలింఖానాలు పెట్టి మగపిల్లలకు కసరత్తు నేర్పించిరి. ఆడపిల్ల మాత్రము పదిపండ్రెండేండ్లవఱకు తొక్కుడుబిళ్ల, చెమ్మచెక్క ఆడి, రజస్వల యైన దినముననే ఆట మానెను. సరిగా ఏ వయస్సున ఈ బాధలు మొదలగునో ఆ వయస్సుననే వానిని తగ్గింపగల సాధనమును ఆమె చేతినుండి తీసికొంటిమి. ఇపుడు చదువు మాన్పించుట లేదు, సంతోషము. కాని తొమ్మిదవ తరగతి మొదలు ర్యాంకుల చదువు పేర ఆట మరల పోయినది. మా చివరి యుద్యోగములో డ్రిల్లు పీరియడు లెక్కల పాఠమునకు పోయినది. మేము హాజరుపట్టీ వ్రాయుచు కూర్చుంటిమి.

ఇంక మేమడుగవలసినది. మన సంఘపు బాలికా వసతిగృహము వెనుక 22 సెంట్ల ఖాళీస్థలము కలదు. తొంబదియాఱుగురు బాలికలు సాయంకాలము గంటసేపు ఆడుకొనుట కున్నది అదొక్కటే. గడచిన మూడేండ్లుగా మేము వారమునకు నాలుగు దినములు పోయి, ఖోఖో, టెన్నికాయిట్ ఆడించుచున్నాము. ఎవరిని బలవంతము చేయము. వేపచెట్టు క్రింద కూర్చుండదలచినవారు కూర్చుండవచ్చును, అక్కడను ఒక వేపచెట్టున్నది. కాలెండరు లెక్క వ్రాయుట పెద్దపిల్లలకు నేర్పితిమి. కొందఱు తమకు మేలు కలిగినదనిరి. ఇద్దఱు ఏమియు తేడా లేదనిరి. లెక్కవలన ఒక పిల్లకు థైరాయిడు దోషమున్నట్లు వైద్యురాలు కనుగొనెను.

ఆ స్థలమున అద్దెకిచ్చు కొట్టుగదులు కట్టవలెనని ప్రతిపాదన వచ్చినది. వచ్చు నద్దెతో వసతిగృహపు బియ్యము ఖర్చు చాలవఱకు గడచునని పోషకులు చెప్పుచున్నారు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. పోషణము లేక పరిశ్రమ లేదని మేమే యిప్పుడు చెప్పితిమి. కాని వసతిగృహమునకు రోడ్డువైపున ఎనుబదియడుగుల ముఖమున్నది. అక్కడ ఇప్పుడున్నవి స్కూటర్లు నిలుపు రేకులపాకయు, విఱిగిన మంచములును. కొట్లు అచట కట్టినచో వెనుకటికన్న అద్దె హెచ్చుగా వచ్చునని ఇద్దఱు మేస్త్రీలను, ఒక వర్తకుని అడిగి తెలిసికొంటిమి. వెనుకస్థలమునకు కావలసినది ఎత్తైన ప్రహరీగోడయు, రెండు దీపములును, ఒక మరుగుదొడ్డియు మాత్రమే. దాతల పేర్లు చెక్కించుటకు కొట్టుగది గుమ్మముకన్న ప్రహరీగోడ చాల పొడవైనదని కూడ మనవి చేయుచున్నాము.

ఈ ప్రతిపాదన రేపటి కార్యనిర్వాహకవర్గ సమావేశమున నాల్గవ యంశముగా నున్నదట. తీర్మానము చేయుటకు ముందు, ఈ దినము సాయంకాలము అయిదున్నరకు సభ్యులందఱును ఒక్కమాఱు వసతిగృహమునకు దయచేసి ఆ స్థలమును చూడ ప్రార్థించుచున్నాము. ఇచటినుండి నడచి పోవుటకు పదునైదు నిమిషములు పట్టును. పిల్లలు ఆ వేళకు ఆటలో నుందురు. వారిని లేచి నిలువబడుమనవలదు, ఆట చెడును.